రికార్డు వెనక పేజీలు

కొత్తగా డిగ్రీ కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఉద్యోగం ఎట్లుంటది సార్?" అని అడుగుతారు. ముప్పై ఏళ్లకు పైగా చేసిన మనిషిని కాబట్టి ఏదో ఒకటి చెప్పి పంపుతాను. వాళ్లు వెళ్లాక, అసలు చెప్పవలసింది మళ్లీ చెప్పలేదే అనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పడానికి నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి నన్ను అడగకండి. అవి మీకు నాకంటే బాగా తెలుసు. నేను రాసేది ఒక అమెరికా ఆయన గురించి, రేణుక అనే అమ్మాయి గురించి, చిట్యాల పక్కన ఉండిన ఒక గుట్ట గురించి.

అమెరికా ఆయన

ఆయన పేరు రాయను. రాస్తే మీరు ఫోన్ తీసి రెండు ముక్కలు చదివి, "ఆఁ, తెలిసింది" అని పక్కన పెట్టేస్తారు. మీ సంగతి నాకు తెలియనిది కాదు, నేనూ అదే తీరు.

మాది ఆత్మకూరు దగ్గర కృష్ణ ఒడ్డు పల్లె. బదిలీ మీద నల్లగొండ వైపు వచ్చినప్పుడు మా డిపార్ట్‌మెంటుకు పెద్ద ఒక మేడం. గట్టి మనిషి. అటెండెన్సు కన్నా ముందు చెప్పుల వైపు చూసేది. చెప్పులకు మట్టి లేకపోతే, "వారం దినాల సంది బయటికి పోనట్టున్నవ్, ఇగ పిల్లలకేం చెప్తవ్?" అనేది. అప్పట్లో నాకు ఆమె మీద పీకల దాకా కోపం ఉండేది. ఇప్పుడు ఆమె మాట వినాలని ఎంత అనిపించినా ఆమె లేదు.

ఒకనాడు మధ్యాహ్నం సీతాఫలం వొలుచుకుంటూ ఆమే చెప్పింది అమెరికా ఆయన కథ. పందొమ్మిదో శతాబ్దపు మనిషి. ఇంట్లో పెన్సిళ్లు చేసే వ్యాపారం. ఊరి బయట చెరువు గట్టున తనే గుడిసె వేసుకుని రెండేళ్లు పైచిలుకు ఉన్నాడు. ఆ రోజుల గురించి రాసిన పుస్తకమే లోకానికి బాగా తెలుసు.

"గుడిసె సంగతి అందరు చెప్తరయ్యా," అంది మేడం. "గుడిసె ఇడిసిపెట్టి వచ్చినంక ఏం చేసిండో అది చెప్పాలె పిల్లలకు."

వచ్చాక ఆయన ఏళ్ల తరబడి చుట్టుపక్కల పొలాలూ వాగులూ అడవీ తిరిగాడు. ఏ మొక్క ఏ రోజు మొదటి పువ్వు పూసిందో రాసుకున్నాడు. అంతే పని. ఊళ్లో కొందరు పనిలేనివాడన్నారు. నలభై అయిదు నిండకముందే క్షయతో పోయాడు. ఆయన కాగితాలను చెల్లెలు పదిలంగా దాచింది. నూటయాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు ఆ లెక్కలు తీసుకుని అదే ఊళ్లో తిరిగితే, చాలా పూలు ఇప్పుడు ముందుగానే పూస్తున్నాయని తేలింది. భూమి వేడెక్కిందనడానికి ఆ పనిలేనివాడి రాతలు సాక్ష్యమయ్యాయి.

మేడం రిటైరయ్యాక ఈ కథను నేను నా సొత్తు చేసుకున్నాను. ఏటా మొదటి క్లాసులో చెప్పేవాణ్ని. చివర్లో కాస్త గొంతు పెంచి, "రాసినోడు గొప్పోడే. దాచినోళ్లు గూడ గొప్పోళ్లు" అనేవాణ్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. చెప్పే నోటికి హద్దేముంది?

చచ్చిన చెట్టు

మన రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అనుకుంటాను, ఆ కథ చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఆయన గుడిసెల ఉన్నప్పుడు తిండి ఎవలు వండిన్రు?"

"తనే వండుకున్నడు. అప్పుడప్పుడు అమ్మగారింటికి పోయి తినొచ్చేది. ఇల్లు దగ్గర్నే."

"అమ్మ చేతి బువ్వ తినుకుంట అడవిల ఉన్ననంటే ఎట్ల సార్? మా బాపు నయం. పొద్దుగాల సద్ది కట్టుకొని గుట్టెక్కితె పొద్దుగూకినంకనే దిగుతడు."

క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి రేణుక. వాళ్లది చిట్యాల దాటాక హైవే నుంచి లోపలికి ఉన్న పల్లె. తండ్రి మల్లయ్య మేకలు కాసేవాడు. తెల్లవారగానే తండ్రితో గుట్ట మీదికి మేకలను తోలి, తొమ్మిదింటికల్లా దిగి బస్సెక్కి కాలేజీకి వచ్చేది.

ఆ చలికాలం పిల్లలను ఆ గుట్టకే తీసుకుపోయాను. పైన బండల మధ్య ఒక దొన ఉంది. వాన నీళ్లు నిలిచే రాతి గుంట అన్నమాట. దాని పక్కన ఒక్క ఆకు లేకుండా నిలబడ్డ చెట్టును చూపించి, "ఇది చచ్చిపోయింది, పెచ్చులు చూడండి" అని పాఠం మొదలుపెట్టాను. మేకల వెనక నుంచి మల్లయ్య నవ్వు వినిపించింది.

"సచ్చిందంటవా సారూ? అది కొండగోగు. జర నెల దాటనియ్యి, మోడు మీదనే పసుపు పచ్చగ పూస్తది. ఊరంతటికి కనబడ్తది."

పిల్లలు మూతులకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పుస్తకంలో ఆ చెట్టు పేరు, కుటుంబం, లక్షణాలు అన్నీ నోటికి వచ్చు. చెట్టును మాత్రం చలికాలంలో ఎన్నడూ చూసి ఉండలేదు. తర్వాత బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. మల్లయ్యకు ఒక్క మాట, "మంచి సంగతి చెప్పినవ్" అని అనడానికి నా లెక్చరర్‌గిరీ అడ్డొచ్చింది. మీకు అడ్డం రాకుండా చూసుకోండి.

వారం తర్వాత రేణుక స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"సార్, అమెరికా ఆయన లెక్క నేను గూడ రాయన్నా? మా గుట్ట మీద ఏది ఎన్నడు పూస్తదో."

"రాయి బిడ్డా, ఎవరొద్దన్నరు?"

"వేరే బుక్కు కొనాల్నా?"

నేనేదో పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే అన్నాను: "బుక్కెందుకు? నీ రికార్డు వెనక గన్ని తెల్ల పేజీలున్నయి గద. అండ్ల రాయి."

మూడు సంతకాలు

మా కాలేజీలో మూడేళ్లకూ కలిపి ఒకే లావు రికార్డు కొనిపించేవాళ్లం. ముందు వైపు బొమ్మలు, భాగాల పేర్లు, ప్రయోగాల వివరాలు ఉండాలి. వెనక సగం ఖాళీగానే మిగిలేది. ఏడాదికోసారి నేను చూసి సంతకం పెట్టాలి. చూడడమంటే ఏమిటో నిజం చెబుతాను. మందార పువ్వు నిలువుకోత బొమ్మ వచ్చిందా, పెన్సిల్ చెక్కి గీశారా, అట్ట వేశారా. రికార్డుకు అర నిమిషం. పక్కన చాయ్ ఉంటే ఇంకా తక్కువ.

రేణుక రికార్డుకు మూడుసార్లు సంతకం పెట్టాను. మొదటిసారి ఆ అమ్మాయి అక్కడే నిలబడి, "వెనక చూసిన్రా సార్?" అంది. "చూస్తలే" అన్నాను. రెండో ఏడు, "సార్, ఈసారి దొనల నీళ్లు శివరాత్రి దాటినా ఉన్నయి, అండ్ల రాసిన" అంది. "శభాష్" అన్నాను, రికార్డు మూసేస్తూ. మూడో ఏడు ఏమీ అడగలేదు. చదివే ఉంటానని నమ్మి అడగలేదు. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పని ఎక్కువగా ఉండేదని అనవచ్చు. ఉండేది కూడా. కానీ అరగంట దొరకనంత పని ఏ లెక్చరర్‌కూ ఉండదు. నమ్మండి.

చింపడం

ఈ పద్ధతి మీ కాలేజీల్లోనూ ఉండవచ్చు. ప్రాక్టికల్స్ అయిపోగానే రికార్డులు పనికిరాకుండా చెయ్యాలి. లేకపోతే జూనియర్లు కొనుక్కుని, పేరు మార్చి, తమదేనని పెట్టేస్తారు. మేడం ఉన్నన్నాళ్లూ సంతకాలున్న పేజీ మూల కత్తిరించి రికార్డు పిల్లలకు ఇచ్చేసేది. "చింపకయ్యా, మూడేండ్లు కష్టపడి గీసుకున్నరు," అనేది. నేను ఇన్‌ఛార్జి అయిన ఏడాది ఒక పిల్లవాడు పాత రికార్డుకు కొత్త అట్ట వేసి పెట్టాడు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అది పట్టుకుని, అందరి ముందూ నన్ను చూసి నవ్వాడు. ఆ ఉక్రోషంతో రూలు మార్చాను. అప్పటి నుంచి అన్ని రికార్డులూ నడిమికి చింపడమే.

రేణుక వాళ్ల బ్యాచ్ ప్రాక్టికల్స్ మధ్యాహ్నం మూడింటికి అయిపోయాయి. ఎగ్జామినర్‌కు హైదరాబాద్ బస్సు తొందర. ఆయన కళ్ల ముందే పని కావాలని నేనూ, మా అటెండర్ యాదగిరీ కూర్చుని చింపుతున్నాం. లావు రికార్డు ఒక్క ఊపున చిరగదు. వెన్ను విరిచి, రెండు ముక్కలు చేసి, మళ్లీ ఒక్కో ముక్కను చింపాలి. యాదగిరి ఒకచోట ఆగాడు.

"సార్, గీ బుక్కు ఎనక పెన్సిల్ రాతున్నది. ఎవలో మంచిగ రాసుకున్నరు. తారీకులేసి మరీ రాసిన్రు."

"పని కానియ్యవయ్యా, సార్‌కు బస్సు టైమైతాంది."

"ఒక్కపారి చూడున్రి సార్."

నేను చెయ్యి చాపి రికార్డు తీసుకున్నాను. చూడలేదు. నేనే చింపాను.

మర్నాడు రేణుక వచ్చింది. తల దువ్వుకుని, కొత్త డ్రెస్సు వేసుకుని వచ్చింది. కాలేజీకి అదే ఆఖరి రోజు.

"సార్, రికార్డు ఇస్తరా? ఎనక పేజీల రాత కావాలె."

అప్పటికి గానీ నాకు తలకెక్కలేదు. తెల్ల పేజీల్లో రాసుకొమ్మన్నది నేనే. పెన్సిల్ రాత అని యాదగిరి చూపించిన బుక్కు అదే. చింపానని చెప్పాలంటే ఎందుకు చూడలేదో చెప్పాలి, ఎందుకు చూడలేదంటే మూడేళ్లుగా ఎన్నడూ చూడలేదని చెప్పాలి.

"రికార్డులన్ని యూనివర్సిటీకి పోయినయి బిడ్డా," అన్నాను.

ఆ అమ్మాయి మొహం వాడిపోతుందనుకున్నాను. వెలిగింది.

"అయితే ఆడ దాస్తరు గద సార్? అమెరికా ఆయన బుక్కులు దాసినట్టు. ఎన్నడన్న అక్కరొస్తె తియ్యొచ్చు."

"దాస్తరు," అన్నాను.

ఆమె నా కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయింది. నేను ఆటో కట్టించుకుని నార్కట్‌పల్లిలో పాత పేపర్ల దుకాణానికి పోయాను. యాదగిరి బస్తాలు అక్కడే వేసేవాడు. అప్పటికే సగం బజ్జీల బండ్లకు పోయాయట. మిగిలిన బస్తాలు బోర్లించి సాయంత్రం దాకా ముక్కలు వెతికాను. మందార బొమ్మలు కావలసినన్ని దొరికాయి. పెన్సిల్ రాత ఒక్క ముక్క దొరకలేదు.

షామియానా కింద

తర్వాత రెండేళ్లకో మూడేళ్లకో ఆ గుట్టకు గ్రానైటు వాళ్లు వచ్చారు. బస్సులో పోతూ చూసేవాణ్ని. ముందు ఒక పక్కన తెల్లగా గీసినట్టు కనిపించింది. తర్వాత సగం గుట్ట పోయింది. చూసి తల తిప్పుకునేవాణ్ని. రిటైరయ్యాను. ఎవరైనా పిల్లలు వస్తే అమెరికా ఆయన కథ చెప్పడం మానేశాను.

నిరుడు రేణుక మా ఇంటికి వచ్చింది. చిట్యాలలో ఒక దవాఖాన ల్యాబులో పనిచేస్తోందట. పెళ్లయింది. మా ఆవిడ ఇచ్చిన చాయ్ చల్లారిపోతున్నా తాగకుండా చెప్పింది.

"మిగిలిన సగం గుట్ట గూడ అడుగుతున్నరు సార్. గుట్ట మీద వట్టి బండలే ఉన్నయి, నీళ్లు లేవు, చెట్లు లేవు అని కంపెనీవోళ్లు కాయితం రాసిన్రు. దొన ఇప్పుడు దుమ్ముతోటి పూడింది, చూపియ్యనీకి లేదు. వచ్చే వారం ఊర్ల ఆఫీసర్లు మీటింగ్ పెడ్తున్నరు. నా రికార్డు తెప్పియ్యున్రి సార్. దొనల నీళ్లు ఏ నెల దాంక ఉన్నయో, ఏ చెట్టు యాడ పూసిందో మూడేండ్లది అండ్లనే ఉన్నది. బాపు మాట చెప్తె మేకలు కాసెటోని మాట అంటరు. కాయితం చూపిస్తె ఇంటరు."

ఇక దాచలేకపోయాను. చింపానని చెప్పాను. యూనివర్సిటీ అబద్ధమని చెప్పాను. దుకాణంలో వెతికిన సంగతీ చెప్పాను.

తిడితే బాగుండుననిపించింది. ఆమె చున్నీతో మొహం తుడుచుకుని అంది:

"ఏది పూసిందో నాకు యాదికున్నది సార్. ఎన్నడు పూసిందో యాదికి లేదు. అన్ని రోజులు ఎవలికి యాదుంటయి? అందుకే గద రాసుకునేది." మళ్లీ తనే, "పోనీ మీరు రాండ్రి. మీరు చదివే సంతకం పెట్టిన్రు గద. పెద్ద సారు చెప్తె నమ్ముతరు. మీకు యాదున్న కాడికి చెప్పున్రి, చాలు," అంది.

అప్పుడు చెప్పాల్సింది రెండో మాట, ఆ పేజీలు నేను చదవనే లేదని. నోట్లోంచి రాలేదు. "వస్త" అన్నాను. ఆ వారం రోజులూ ఎట్లా గడిచాయో నాకే తెలియదు. చదవని పేజీలను గుర్తు తెచ్చుకోవాలని కూర్చునేవాణ్ని. మాటలు కల్పించి చెబుదామా అని కూడా ఆలోచన వచ్చింది. శివరాత్రి దాటినా నీళ్లున్నాయన్నది ఆ అమ్మాయి నోటి మాట. రాతలో ఏముందో నాకేం తెలుసు?

బడి ముందర షామియానా వేశారు. ఊరు సగం వచ్చింది. మల్లయ్య కర్ర పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు, బాగా ముసలివాడైపోయాడు. నన్ను చూసి లేవబోయాడు. రేణుక మైకులో తనకు గుర్తున్నది చెప్పింది. టేబుల్ వెనక ఉన్న ఆఫీసరు మర్యాదస్థుడే, ఓపిగ్గా విన్నాడు.

"రాతపూర్వకంగా ఏమన్నా ఉన్నదా అమ్మా?"

"ఉండె సార్. కాలేజీ రికార్డుల రాసిన. మా సారొచ్చిన్రు, ఆయన చదివిండు."

నేను లేచి మైకు దగ్గరికి పోయాను. రికార్డు ఉండేదని, మూడేళ్లూ నేనే సంతకం పెట్టానని, నా చేతులతోనే చింపానని అందరి ముందూ చెప్పాను. షామియానా కింద గుసగుసలు లేచాయి. ఆఫీసరు పెన్ను పట్టుకున్నాడు.

"చింపితే చింపిన్రు. మీరు బాటనీ లెక్చరర్, సంతకం చేసినవాళ్లు. మీ మాట రాసుకుంటా. ఆ రికార్డులో దొన గురించి ఏమున్నది? చెట్ల గురించి ఏమున్నది? చెప్పండి."

ఆయన పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు నాది. మల్లయ్య నా వైపే చూస్తూ చిన్నగా తల ఊపుతున్నాడు, చెప్పు సారూ అన్నట్టు.

"నేను చదవలేదు," అన్నాను.

మైకులో అది ఊరంతా వినిపించింది. ఆఫీసరు పెన్నుకు మూత పెట్టి, తర్వాతి పేరు పిలిచాడు. నేను రేణుక వైపు చూశాను. చింపానని చెప్పిన రోజున లేని చూపు ఆ రోజు చూసింది నన్ను.

మిగిలిన సగం కూడా వాళ్లకే పోయింది. నా మాట ఉంటే ఆగేదా అంటే, చెప్పలేను. ఆగకపోయేదేమో. కానీ ఆగడానికి ఉన్న ఒక్క దారినీ మూసింది నేను.

మీటింగ్ అయ్యాక, "పాండ్రి సార్, రోడ్డు దాంక దింపుత" అని రేణుకే స్కూటీ తీసింది. హైవే మీద బస్సు కోసం నిలబడ్డాం. ఎండ మండుతోంది. లారీలు పోతున్నాయి. బస్సు దూరాన కనిపించాక అంది, నా వైపు చూడకుండా.

"కొండగోగు గురించే నాలుగు పేజీలు రాసిన సార్. మొగ్గ వచ్చిన కాడికెల్లి పువ్వు రాలిపొయ్యే దాంక. ఆ దినం మా బాపు నవ్విండని మీకు మనసుల కష్టమైంది గద. చదివితె సార్‌కు మంచిగనిపిస్తదని రాసిన."

బస్సు వచ్చి ఆగింది. ఎక్కాను. ఆ నాలుగు పేజీల కోసం ఇవాళ్టికీ నా ప్రాణం కొట్టుకుంటుంది.